పావులూరి మల్లన: క్షేత్రగణితము నేర్పువారికి మేలుబంతి

కవుల చరిత్రములను, దాతల చరిత్రములను వార్షిక సంచికలయందుఁ బ్రకటించుట సంఘములకుఁ బరిపాటి. గణకుల చరిత్రములు వ్రాయువా రరుదు. భారతమును తెనిఁగింప నారంభించిన నన్నయభట్టారకుని పేరెఱుఁగని తెలుఁగువాఁడు లేఁడు. ఇంచుమించుగ నా కాలముననే లెక్కలను తెనిఁగించిన పావులూరి మల్లన పేరు మాత్రము పండితుల నోటనే నిలిచి యున్నది. నెల్లూరు తీరమునఁ గరణీకములు చేసి, పొలములు కొలిచి, చిట్టాలు వ్రాసి బ్రదికిన కుటుంబములు మన సంఘమునఁ బెక్కులు గలవు. వారి సంతతివారికి మల్లన చరిత్ర మెఱుఁగుట యొక విధి. అందును, పిల్లలకు క్షేత్రగణితము నేర్పు నుపాధ్యాయులకు ఆయన త్రొక్కిన త్రోవ నేఁడును పనికివచ్చు నని మా నమ్మకము. కావున నీ సంచికకు ఆ మహనీయుని చరిత్రమునే యెన్నుకొంటిమి.

మల్లన ఇంటిపేరున నున్న పావులూరు కమ్మనాటిలోనిది. కమ్మనా డనఁగా గుండ్లకమ్మ పాఱెడి సీమ. ఇంకొల్లు దగ్గఱ నేఁటికిని పావులూ రను గ్రామము గలదు. మన పెన్నాతీరమునకు ఉత్తరముగ, ఇదే సముద్రపుటొడ్డున సాగిపోయినచో ఆ సీమ తగులును. మల్లన తాతగారిదియు మల్లన పేరే. ఆ తాతగారు రాజమహేంద్రవర మేలిన రాజరాజనరేంద్రునిచేఁ బిఠాపురము దగ్గఱి నవఖండవాడను పొందిరని ప్రసిద్ధి. రాజరాజనరేంద్రుఁడు క్రీ.శ. 1022లోఁ బట్టమునకు వచ్చినవాఁడు. గ్రంథకర్త యగు మల్లన నన్నయకు సమకాలికుఁ డని కొందఱును, తాత యగు మల్లనయే నన్నయ కాలమువాఁడు గాన మనుమఁడు ఆ శతాబ్దపు చివరివాఁ డని కొందఱును తలఁతురు. ఏ పక్షము నంగీకరించినను తెలుఁగున శాస్త్రగ్రంథము వ్రాసిన మొదటివారిలో నాయన యొకఁ డనుటకు సందేహము లేదు. ఆయన మన శాఖవాఁడా, వేఱు శాఖవాఁడా యను వాదమునకు మేము దిగఁబోము. విద్యకు శాఖ లేదు. ఆ విద్యచేతఁ బ్రదికిన వారెల్లరు నాయన బంధువులే.

మల్లన చేతికెత్తుకొన్న మూలగ్రంథము మహావీరాచార్యుని గణితసారసంగ్రహము. మహావీరుఁడు జైనుఁడు, రాష్ట్రకూట చక్రవర్తి యగు అమోఘవర్ష నృపతుంగుని కాలమున, సుమారు క్రీ.శ. 850 ప్రాంతమున, సంస్కృతమున నీ గ్రంథమును రచించెను. గణితము లేక సంగీతము లేదు, నాటకము లేదు, పాకము లేదు, వైద్యము లేదు, ఇల్లు కట్టుట లేదని ఆయన మొదటనే విస్తరించి చెప్పెను. లోకవ్యవహారమునకై పుట్టిన శాస్త్ర మని దాని తాత్పర్యము. ఈ గ్రంథము చిరకాలము వ్రాఁతప్రతులలో నుండి, రంగాచార్యులవారి పరిష్కారముతో, ఆంగ్లానువాదముతో, 1912లో మద్రాసునం దచ్చయినది.

సంస్కృతము నెఱిఁగిన మల్లనకు ఈ గ్రంథమును మూలముననే చదువుకొని యూరకుండుట సులభము. పొలము కొలుచు వాఁడును, ధాన్యము పంచు వాఁడును, చెఱువు త్రవ్వించు వాఁడును సంస్కృత మెఱుఁగరు గదా. వారి భాషలో లెక్క చెప్పవలె నని ఆయన తలఁచెను. అప్పటికి తెలుఁగున గణితపరిభాష యన్నది స్థిరపడలేదు. ఆ పరిభాషను కూర్చుకొనుచు, కంఠస్థము చేయుటకు వీలుగఁ బద్యములలో లెక్కలు చెప్పి, సారసంగ్రహగణిత మను గ్రంథమును నిర్మించెను. జనులు దానిని పావులూరి గణిత మనియే వ్యవహరించిరి. తాను శివభక్తుఁ డగుటచే మూలమునందలి జైనసంబంధములైన యుదాహరణములకు మాఱుగ శివసంబంధములైన వానిని నిలిపెను, కొన్నింటిని విడిచెను, కొన్నింటిని పెంచెను. లెక్క మాఱలేదు; లెక్కలోని వస్తువు వినువారి యింటిదైనది. బోధించువారు గ్రహింపవలసిన మొదటి మర్మ మిదియే.

చదరంగపు గళ్లలో నొకటి, రెండు, నాలుగు అని యిబ్బడిగఁ బెంచుకొనుచుఁ బోయి, అఱువదినాలుగు గళ్లను నింపినచో నెంత యగు నన్నదానికి ఆయన యొక్క పద్యమున సమాధానము చెప్పెను. ఆ సంఖ్య 18446744073709551615. ఇరువది యంకెలుగల యీ సంఖ్యను శరములు, చంద్రుఁడు మొదలగు సంకేతపదములతో నాయన కూర్చిన తీరు పండితులు నేఁటికిని చెప్పుకొందురు. దీనిని లెక్కగ మాత్రమే చూడరాదు. ఎనిమిది గళ్లు అడ్డముగ, ఎనిమిది గళ్లు నిలువుగ నున్న యొక పలకను పిల్లవాని కన్నుల యెదుటఁ బెట్టి, ఆ పలకమీఁదుగ సంఖ్యను నడిపించుట యిది. చూపును లెక్కయు నిట్లు చేయి కలిపినఁ గాని పిల్లలకు గణిత మంటదు.

మల్లన యెన్నుకొన్న మూలమునందలి క్షేత్రగణితము మఱింత చూడఁదగినది. అందు సమతలక్షేత్రములు పదునాఱు విధములుగఁ జెప్పఁబడినవి: త్రిభుజములు మూఁడు, చతుర్భుజములు అయిదు, వృత్తభేదములు ఎనిమిది. ఆ వృత్తభేదములలోఁ గంబుకవృత్త మని యొకటి గలదు. కంబుక మనఁగా శంఖము. కోడిగ్రుడ్డువలె సాగిన ఆయతవృత్తము, గుంటపడిన నిమ్నవృత్తము, ఉబ్బిన ఉన్నతవృత్తము గలవు. ఇంకను యవగింజవంటి క్షేత్రము, మద్దెలవంటి క్షేత్రము, వజ్రాయుధమువంటి క్షేత్రము, ఏనుఁగు దంతమువంటి క్షేత్రము, బండిచక్రపు కమ్మివంటి క్షేత్రము చెప్పఁబడినవి. పేరు వినఁగానే రూపము కన్నులఁ గట్టును. నిర్వచనము తరువాత వచ్చును. మైపాడు, కోడూరు, కృష్ణపట్నముల పిల్లలు శంఖము నెఱుఁగుదురు; వానికి కంబుకవృత్తము పరాయిది కాదు. కాని మన తరగతిగదులలో శంఖము పలకమీఁదికి రాదు. సమబాహుత్రిభుజ మనెడి మాట మాత్రము వచ్చును. పిల్లవాఁడు మాట నేర్చును, రూపము నెఱుఁగఁడు.

ఆ గ్రంథమున మఱియొక మేలైన యేర్పాటు గలదు. ఒక్కొక్క క్షేత్రమునకు వ్యావహారికఫల మొకటి, సూక్ష్మఫల మొకటి యని రెండు లెక్కలు చెప్పఁబడినవి. వ్యావహారిక మనఁగాఁ బనికి సరిపడు మోటు లెక్క. సూక్ష్మ మనఁగా నిశితమైన లెక్క. ఉదాహరణమునకు వృత్తపరిధి: వ్యాసమును మూఁటితోఁ బెంచిన వ్యావహారికము, పదింటి వర్గమూలముతోఁ బెంచిన సూక్ష్మము. పదునాలుగు అడుగుల వ్యాసముగల దిగుడుబావికి మోటు లెక్కచే 42 అడుగుల చుట్టు. సూక్ష్మమున 44 అడుగులు దాఁటి మఱి కాలడుగు. నిజముగఁ ద్రాటిని చుట్టి చూచినచో 44 అడుగులకు వెండ్రుకవాసి తక్కువ. మోటు లెక్క తగ్గినది, సూక్ష్మము కొంచెము మించినది. ఈ మూఁటిని పిల్లవానిచే బావి యొడ్డునఁ గాకున్నను, గాదెచుట్టునో, కుండమూతిచుట్టునో త్రాటితోఁ గొలిపించినచో, ఉజ్జాయింపు అనఁగా నేమి, నిశితము అనఁగా నేమి, ఏ పనికి ఏది చాలును అను వివేక మొక్క పూఁటలో నేర్పడును. అది పుస్తకమున నూఱు పుటలు చదివినను రాదు.

ఇఁక నాలుగు భుజముల కయ్య లెక్కకు వత్తము. ఎదురెదురు గట్లను కూడి సగము చేసి, ఆ రెండు సగములను పెంచుట మోటు లెక్క. మన దేశమునఁ బలుచోట్ల నిది చిరకాలము వాడుకలో నున్నది. ఈ లెక్క యెప్పుడును నిజమైన వైశాల్యమునకు సమముగ నుండును, లేదా మించును; తగ్గుట యన్నది లేదు. దీని ఫల మెవరిమీఁదఁ బడునో యోచింపుఁడు. శిస్తు కట్టువాఁడు లేని భూమికిఁ గూడ కట్టును. కొనువాఁడు లేని భూమికి వెల యిచ్చును. మూలలు వంకరగ నున్న కయ్య సాధారణముగ బీదవానిదే. చక్కని దీర్ఘచతురస్రమున కీ నష్టము లేదు. కావున క్షేత్రగణితము ఎఱిఁగిన కరణము ధర్మాత్ముఁ డైనచో గ్రామమునకు రక్ష. కాకున్నచో లెక్క తెలియని రైతునకు దిక్కు లేదు.

ఈ సూక్ష్మమును తరగతిలోఁ జూపుటకు వ్యయ మేమియు లేదు. పది యంగుళముల వెదురుబద్దలు నాలుగు తెచ్చి, కొసలయందు చీలలు గ్రుచ్చి, కదలునట్లుగఁ గూర్పవలెను. చదరముగ నిలిపిన లోపలి వైశాల్యము 100 చదరపు అంగుళములు. మెల్లఁగ నొక ప్రక్కకు వంచి, ఒక కర్ణము 16, రెండవది 12 అంగుళము లగునట్లు నిలిపినచో వైశాల్యము 96. ఇంకను నొక్కి చిన్నకర్ణము 4 అంగుళములకుఁ దెచ్చినచో వైశాల్య మించుమించు 39. బద్దలు అవియే, చుట్టుకొలఁత 40 అంగుళములే. మోటు లెక్క యడిగినచో మూఁడుసారులును 100 అనియే చెప్పును. పిల్లవాని చేతిలోనే పొలము తఱిగిపోయినది! నాలుగు భుజములు తెలిసినంతమాత్రమున క్షేత్రము స్థిరపడదు, కర్ణము గాని లంబము గాని తెలియవలె నన్న సత్య మానాఁడు వానికి హస్తగత మగును. క్రీ.శ. 1150లో లీలావతిని రచించిన భాస్కరాచార్యులు ఈ విషయమును స్పష్టముగఁ జెప్పిరి. మన సర్వేవారు పొలమునకుఁ గర్ణరేఖ లాగి, దానినుండి మూలలకు లంబములు కొలిచి, ఎఫ్.ఎం.బి. యను కొలఁతపుస్తకమునఁ బటము గీయుట యిందుకొఱకే.

మల్లన తరువాత ఆయన గ్రంథము తాటాకులమీఁద నూళ్లకూళ్లు తిరిగినది. వీథిబడులలోఁ బద్యములు వల్లించిన బాలురు పెరిగి కరణములై, ఆ పద్యములనే పొలముగట్లమీఁదఁ బ్రయోగించిరి. తాటాకు చెదలకు లోనైనను నోటిపద్యము నిలిచినది. కాలక్రమమున నాంగ్లపాఠశాలలు వచ్చెను. యూక్లిడు జామెట్రీ వచ్చెను. యూక్లిడు మన దేశమునకు అంతకుముందే కొత్త కాదు. జయపురపు సవాయి జయసింహుని యాస్థానమున జగన్నాథసమ్రాట్టు పదునెనిమిదవ శతాబ్దమున దానిని రేఖాగణిత మను పేర సంస్కృతీకరించెను. నిరూపణ మనెడి యా విద్య గొప్పది. కాని కొలిచి చూచుట మాని, నిరూపణమును వల్లించుట మొదలిడిన నాఁడే మన పిల్లలకుఁ జిక్కు వచ్చినది. ఇరువదవ శతాబ్దమున వేటూరి ప్రభాకరశాస్త్రిగారు మల్లన గ్రంథమును పరిష్కరించి యిచ్చుటచే తిరుపతిలో నది యచ్చయి, మఱుఁగునఁ బడిపోకుండ నిలిచినది.

ఇచ్చట మల్లనకుఁ దొమ్మిది వందల యేండ్ల తరువాతి వారైన యిరువురు విదేశీయోపాధ్యాయుల మాట చెప్పవలసి యున్నది. హాలండు దేశమునఁ బియెర్ వాన్ హీలె, ఆయన భార్య డీనా వాన్ హీలె-గెల్డాఫ్ గణితోపాధ్యాయులు. తాము చెప్పునది పిల్లల కెందుల కెక్కదో పరిశోధించి, 1957లో ఉట్రెక్ట్ విశ్వవిద్యాలయమునకుఁ దమ సిద్ధాంతగ్రంథములను సమర్పించిరి. వారు తేల్చిన సారాంశ మిది: పిల్లలు మొదట రూపమును మొత్తముగఁ జూచి గుర్తింతురు; తరువాత భుజములు, కోణములు మొదలగు లక్షణములను గమనింతురు; పిదప లక్షణములకు నడిమి సంబంధమును గ్రహింతురు; ఆపైఁ గాని నిరూపణము వారి కెక్కదు. మెట్టు దాఁటించి దూఁకింపరాదు. ఉపాధ్యాయుఁడు నాలవమెట్టుపై నిలిచి మాటలాడుచుండఁగా, మొదటిమెట్టుపైనున్న పిల్లవానికి ఆ భాష వినఁబడునే గాని తెలియదు.

చదరమును నిలువున నిలిపి చూపినచో పిల్లవాఁడు చదర మనును. మూలపై నిలిపి చూపినచో గాలిపట మనును. తప్పు పిల్లవానిది కాదు. వాఁడింకను రూపమును చూచుచున్నాఁడు, లక్షణమును చూడలేదు. కాగితపు చదరమును వానిచేతి కిచ్చి త్రిప్పింపుఁడు, మడిపింపుఁడు, మూలలు కలిపింపుఁడు. త్రిప్పినను చదరము చదరమే యని వాఁడే చెప్పును. శంఖము, మద్దెల, యవగింజ యను పేళ్లతో మొదలిడి, వ్యావహారికము దాఁటి, సూక్ష్మమునకుఁ గొనిపోవు మన పూర్వుల క్రమ మీ మెట్లకు దూరమైనది కాదు. మన యిండ్లలో నాడుపిల్లలు సంక్రాంతికి చుక్కలు పెట్టి ముగ్గులు వేయుదురు. సమదూరము, ప్రతిబింబము, చుట్టు మలఁపు, అన్నియు వారి వ్రేళ్లయందున్నవి. బడిలో వారినే జామెట్రీ రాదని కూర్చుండఁబెట్టుట విచారింపవలసిన సంగతి.

మన సీమలోనే సాధనములు కొల్లలుగఁ గలవు. నెల్లూరిలో నివేశనస్థలములను అంకణములలోఁ జెప్పుదురు. అంకణ మనఁగా ఇచ్చట 72 చదరపు అడుగులు. బడి యావరణమున సున్నముతో 8 అడుగులు, 9 అడుగులుగ నొక యంకణమును, 6 అడుగులు, 12 అడుగులుగ నింకొకదానిని, 4 అడుగులు, 18 అడుగులుగ మూఁడవదానిని గీయింపుఁడు. లోపలి స్థలము మూఁటికిని సమము. చుట్టుకొలఁతలు 34, 36, 44 అడుగులు. కంచె వేయువానికి భేద మెందులకు వచ్చునో పిల్లలే చెప్పుదురు. పండ్రెండు సమభాగములుగ గుర్తులు పెట్టిన త్రాటి కొసలు కలిపి, మూఁడు మేకులచే 3, 4, 5 భాగములుగ లాగినచో లంబకోణ మేర్పడును. తాపీమేస్త్రీలు నేఁటికిని గోడమూలను ఈ లెక్కచేతనే సరిచూతురు. ఆపస్తంబ శుల్బసూత్రములలో యజ్ఞవేదిక కొలఁతకై ఈ సంఖ్యలును, 5, 12, 13 మొదలగునవియుఁ జెప్పఁబడినవి. శుల్బ మనఁగా త్రాఁడే. ఇస్కపల్లి ఉప్పుమళ్లు దీర్ఘచతురస్రములకుఁ బాఠశాల. పులికాటు పడవ యడుగు వంపులకుఁ బాఠశాల. ఉపాధ్యాయునకుఁ గావలసినది వీనిని పాఠముగఁ జూచు కన్ను.

ఆ కన్ను తనంతఁ దా నేర్పడదు. ఉపాధ్యాయుఁడును తాను పిల్లవాఁడుగ నున్నపుడు బోర్డుమీఁది గీఁతలే చూచినవాఁడు. త్రాఁడు పట్టి పొలమునఁ దిరిగినవాఁడు కాఁడు. ఏండ్ల తరబడి బడిపని చేసిన వారమై మేము చెప్పఁగలిగిన దొక్కటి: క్షేత్రగణితము చక్కఁగఁ జెప్పలేని యుపాధ్యాయులలోఁ బెక్కురకు విద్య కొఱఁత లేదు, అనుభవము కొఱఁత. వానిని నిందించుటచే లాభము లేదు, అనుభవము నిప్పింపవలెను.

ఇది సంఘమునకు సంబంధించిన విషయ మెట్లగు నని కొంద ఱడుగవచ్చును. మన రాష్ట్రమునఁ గరణీకములు 1984లో రద్దయినవి. ఉద్యోగములు పోయినందుకు మన పెద్దలు చింతించిరి. కాని ఉద్యోగముతోఁ బాటు, ఇంటింట తండ్రి కొడుకునకుఁ గట్టుమీఁద నడిపించి నేర్పిన చూపు గూడఁ బోయినది. దాని నెవరును లెక్కింపలేదు. 2020 డిసెంబరులో రాష్ట్రమున భూముల పునఃకొలఁత మొదలైనది. డ్రోను ఆకాశమునుండి పటము తీయును; ఆ పటము రైతు చేతికి వచ్చును. పటమునందలి గీఁతను చూచి, ఇది మా తూర్పుగట్టు, ఇచ్చట మూల తగ్గినది, ఈ పొడవు తప్పు అని చెప్పఁగలవాఁడు ఇంటి కొక్కఁ డుండవలదా? యంత్ర మెంత సూక్ష్మమైనను, పటమును నేలతోఁ బోల్చి చూచు కన్ను మనుష్యునిదే. ఆ కన్ను బడిలో తెఱవకున్నచో తరువాత తెఱచుట కష్టము. ఇది ఒక్క మన కులపు పిల్లల మాట కాదు; గ్రామమునందలి యన్ని యిండ్ల మాట.

కావున సభ్యమహాశయులకును, పోషకమహాశయులకును మా విన్నప మిది. ఏటేఁట మార్కులకై మన మిచ్చు బహుమానములు మానవలదు. వానితోఁ బాటు, మన తీరగ్రామములలోని పాఠశాలలకు ఒక్కొక్క కొలఁతపెట్టె నిప్పింపుఁడు: గుర్తులు పెట్టిన త్రాళ్లు, మేకులు, కదలెడి వెదురు చట్టములు, చుక్కల పలక, ఒక తూకపుగుండు, ఒక శంఖము. వేసవి సెలవులలో రెండు దినము లుపాధ్యాయులను సమావేశపఱచి, ఒక తాపీమేస్త్రీని, ఒక వడ్రంగిని, ఒక పడవలు కట్టువానిని, విశ్రాంతినందిన యొక సర్వేయరును పిలిపించి, వారిచేఁ బాఠము చెప్పింపుఁడు. కులవృత్తులవారు గురుపీఠమునఁ గూర్చుండుట మనకుఁ గొఱఁత కాదు. శాస్త్రమును పండితులనుండి తెచ్చి పామరుల కిచ్చిన మల్లన కది ప్రీతికరమే యగును. ఆ రెండు దినములలో నుపాధ్యాయులు తాము స్వయముగ నొక కయ్యను కొలిచి, మోటు లెక్కయు సూక్ష్మము లెక్కయు వేసి, భేదమును కాగితమున వ్రాయవలెను. తాను కొలిచిన యుపాధ్యాయుఁడు కొలిపించును. తాను చూచినవాఁడు చూపించును.

మల్లనకు శిలావిగ్రహము నిలుపవలె నని కొంద ఱందురు. నిలుపవచ్చును. ఆయన యేనుఁగు లెక్కెనో, పల్లకి యెక్కెనో మన కవసరము లేదు. సంస్కృతమున దాఁగియున్న విద్యను తెలుఁగుపిల్లల నోటఁ బెట్టుటయే ఆయన జీవితము. ఆ పనిని మన కాలమునకుఁ దగినట్లు కొనసాగించుటయే ఆయనకు నిజమైన స్మారకము. వచ్చు వార్షికసభనాఁటికి మన తీరమునఁ బది బడులలో నైనను పిల్లలు త్రాఁడు పట్టి నేలపై లంబకోణమును నిలుపుదురు గాక. వారికి నేర్పు నుపాధ్యాయులకు సంఘము చేయూఁత నిచ్చును గాక. ఈశ్వరానుగ్రహమున నీ సంకల్పము సఫల మగుఁ గాక.